జొన్నచేనులో గణన అధికారి

జనవరి ఇరవై ఒకటి, మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పిచ్చుకలదిన్నె వైమానిక స్థావరం ప్రహరీకి తొంభై మీటర్ల దూరాన జొన్నచేనులో నిలబడి ఉన్న వ్యక్తిని చేతులెత్తి బయటికి రమ్మని కాపలా సైనికుడు గోపురం మీది నుంచి మైకులో మూడుసార్లు హెచ్చరించాడు. ఆ వ్యక్తి చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. బయటికి మాత్రం రాలేదు. ఆరు యాభై రెండుకు నలుగురు సైనికులు చేను చుట్టుముట్టి అతన్ని అదుపులోకి తీసుకున్నారు. అతను గడ్డితో చేసిన బెదురుబొమ్మ.

చేను మద్దిలేటమ్మది. ఎకరా డెబ్బై సెంట్లు. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు ఊళ్లో ఉండడు. స్థావరం కట్టి మూడేళ్లయింది. దానికోసం తీసుకోగా మిగిలిన భూమిలో ఈమె చేను గోడకు అందరికన్నా దగ్గర. కబురందేసరికి ఆమె పేడ ఎత్తుతోంది. అదే చేతులతో స్థావరం గేటు దగ్గరికి వచ్చింది. భద్రతాధికారి వింగ్ కమాండర్ రాథోడ్ బయటికి వచ్చారు. ఆయన రెండేళ్లుగా తెలుగు నేర్చుకుంటున్నారు.

“నా బొమ్మేం చేసింది సామీ?”

“పిలిస్తే పలకలేదమ్మా.”

“గడ్డి పలుకుతాదా సామీ?”

“అది గడ్డి అని మాకు తర్వాత తెలిసింది. పిలిచినప్పుడు తెలియదు. తెలియనప్పుడు ఏం చేయాలో నిబంధనలో ఉంది. అదే చేశాం.”

గ్రామ రెవెన్యూ అధికారి ఖాజావలిని పిలిపించి పంచనామా రాయించారు. ఖాజావలి వయసు ముప్పై రెండు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. పంచనామాలో ఆయన ఇలా రాశారు. ‘పేరు: తెలియదు. వయసు: సుమారు మూడు వారాలు. ఎత్తు: ఐదడుగుల నాలుగంగుళాలు. తల: మట్టికుండ. దుస్తులు: సంతలో కొన్న మచ్చల చొక్కా. గుర్తింపు పత్రాలు: లేవు.’

చొక్కా సైనిక దుస్తులను పోలి ఉన్నందున బొమ్మను స్థావరంలోని గిడ్డంగిలో ఉంచారు. విడుదల పత్రం మీద అదుపులోకి తీసుకోబడిన వ్యక్తి సంతకం ఉండాలి. అందువల్ల అది నేటికీ గిడ్డంగిలోనే ఉంది.

మద్దిలేటమ్మ తిరిగి వస్తుంటే పక్కచేను ఓబులేసు గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతని చేను గోడకు నూటనాలుగు మీటర్ల దగ్గర మొదలవుతుంది.

“వదినా, మా అన్న ఊర్లో లేనప్పుడు చేన్లో ఎవున్నో నిలబెట్టుకున్యావంట. మిలిట్రీ వాళ్లు పట్టకపోయినారంట గదా?”

“వాడు నిలబడి పని చేసినాడులే. నీ మాదిరి గట్టుకింద పండుకోల్యా.”

నూరు మీటర్ల గీత గీసింది స్థావర పరిసర అనుకూల భూ వినియోగ, సామాజిక వృద్ధి సమన్వయ కమిటీ. గోడ నుంచి నూరు మీటర్ల వరకు ఎర్ర పట్టీ, ఆ తర్వాత పసుపు, ఆపైన పచ్చ. కమిటీ కన్వీనరు సదాశివమూర్తి పట్టణ ప్రణాళికా విభాగం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. కమిటీ తొలి సమావేశంలో ఊరి పేరును బోర్డుల మీద నుంచి తీసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. పిచ్చుకలు అన్న మాట విమానాల భద్రత దృష్ట్యా మంచిది కాదని ఒక సభ్యుడు అన్నారు. పరిశీలనలో ఉంచారు.

జనవరి ఇరవై రెండున మద్దిలేటమ్మకు రెండు నోటీసులు అందాయి. మొదటిది, ఎర్ర పట్టీలో మనిషి గాని, మనిషి ఆకారం గల వస్తువు గాని నిలబడాలంటే ఫొటో, ఆధార్‌లతో దరఖాస్తు చేసి పాసు తీసుకోవాలి. రెండవది, పంట మీద ఒకేసారి నలభైకి మించి పక్షులు కనిపిస్తే దాన్ని పక్షి ఆకర్షక నిర్మాణంగా పరిగణించి ఇరవై నాలుగు గంటల్లో కోసివేస్తారు.

నోటీసులు చదివి వినిపించింది ఖాజావలే.

“బొమ్మను పెట్టగూడదు. గువ్వలు వాలగూడదు. అంతేనా సారూ?”

“అంతే అక్కా.”

“రెండు కాగితాలూ ఒకరే రాసినారా?”

ఖాజావలి సంతకాలు చూశారు. “ఒకరే.”

శుక్రవారం కమిటీ సమావేశానికి ఆమెను పిలిచారు. అప్పటికి బొమ్మ లేని మూడు రోజుల్లో చిలకలు ఉత్తరపు గట్టు వెంట ఆరు సాళ్ల కంకులు ఖాళీ చేశాయి. ఆమె ఒక కంకి కొంగులో కట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. గింజలు లేవు. సదాశివమూర్తి దాన్ని ఫైలు మీది నుంచి పక్కకు జరిపారు.

“కోతకు ఎన్నాళ్లమ్మా?”

“ఇంగ మూడు వారాలు సామీ. ఏడాదికి మాకు రొట్టె ఇదే.”

“పక్షుల నివారణకు మీరు ప్రతిపాదించే ప్రత్యామ్నాయ చర్యలు సభ దృష్టికి తీసుకురావచ్చు.”

“మంచె కట్టుకుంటా. కావలుంటా.”

రాథోడ్ తల ఎత్తారు. “మంచె ఎక్కితే ఏం కనబడుతుంది?”

“చేను.”

“ఇంకా?”

“మీ గోడ. గోడ అవతల మీ ఇమానాలు.”

“పరిశీలనా గోపురం,” అన్నారు రాథోడ్. గుమాస్తా అలాగే రాసుకున్నాడు.

“పోనీ, కిందనే ఉండి వడిసెల తిప్పుతా.”

వడిసెల అంటే ఏమిటని రాథోడ్ అడిగారు. తాడు మధ్యలో రాయి పెట్టి తిప్పి విసురుతారని ఖాజావలి చెప్పారు.

“ఎంత దూరం పోతుంది?”

“నా చేతికైతే ఓబులేసు బాయి దాంక. మా అత్త విసిరితే ఊర్లో పడేది సామీ.”

మినిట్స్‌లో ‘మధ్య శ్రేణి, దీర్ఘ శ్రేణి’ అని నమోదైంది. అత్త చనిపోయి ఎనిమిదేళ్లయిందని ఆమె చెప్పిన మాట నమోదు కాలేదు. తళతళలాడే రిబ్బను కడతానంటే పైలట్ల కళ్లలో వెలుగు పడుతుందన్నారు. డబ్బా కొడతానంటే సదాశివమూర్తి గోడ మీది శబ్ద పటం వైపు కర్ర చాచారు.

“మీ సర్వే నంబరులో అనుమతించదగిన శబ్దం యావత్తూ విమానాలకు కేటాయించబడి ఉన్నది. మిగులు లేదు.”

“నోటితో అరుస్తా సామీ.”

“ఏమని అరుస్తారు?”

“హో... హోయ్ అని.”

“లిఖితపూర్వకంగా ఇవ్వండి. సంకేతం కాదని పై కార్యాలయం ధ్రువీకరించాలి.”

ఖాజావలి ఒక తెల్లకాగితం మీద ‘హో, హోయ్’ అని రాసి ఆమె వేలిముద్ర వేయించారు. కాగితం పై కార్యాలయానికి వెళ్లింది. జవాబు రాలేదు.

ఆమె లేచి నిలబడింది. “అయితే గువ్వలకు మీరే ఒక నోటీసియ్యండి సామీ.”

“పక్షులు కమిటీ పరిధిలోకి రావమ్మా,” అన్నారు సదాశివమూర్తి. “పంట వస్తుంది.”

సమావేశం ఒక నిర్ణయం చేసింది. జనవరి ఇరవై ఏడు నుంచి ఫిబ్రవరి పదకొండు వరకు, పదహారు రోజులు, చేనులో పక్షులను లెక్కించాలి. ఏ ఒక్క రోజు నలభై దాటినా మరునాడు పంట కోసేయాలి. చివరి రోజున సంయుక్త తనిఖీ ఉంటుంది. లెక్కించే బాధ్యత, పంచనామా రాసిన అనుభవం దృష్ట్యా, ఖాజావలికి అప్పగించారు. ఆయనకు ఆధార్ ఉన్నందున పాసు అదే సాయంత్రం వచ్చింది.

పాసు వెనుక స్థావరం వారి షరతులు అచ్చువేసి ఉన్నాయి. గణన అధికారి చేను మధ్యలో, గోపురానికి ఎదురుగా నిలబడాలి. కదలరాదు, ఎర్ర పట్టీలో కదిలే వ్యక్తికి సాయుధ రక్షణ అవసరం, అందుకు సిబ్బంది లేరు. చేతులు రెండూ శరీరానికి దూరంగా, గోపురానికి కనిపించేలా ఉంచాలి. నారింజ రంగు కోటు, టోపీ తప్పనిసరి. కోటు మీద ముందూ వెనకా ‘గణన అధికారి’ అని రాసి ఉంటుంది.

సోమవారం ఉదయం ఆరింటికి ఖాజావలి చేను మధ్యలో నిలబడ్డారు. కుడి చేతిలో రిజిస్టరు, ఎడమ చేతిలో పెన్ను. తొమ్మిదింటి దాకా నిలబడ్డారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నిలబడ్డారు. ఒక చిలకల గుంపు గోడ మీదుగా వచ్చింది, చేను మీద ఒక చుట్టు తిరిగింది, ఓబులేసు చేనులో వాలింది. రిజిస్టరులో సున్నా నమోదైంది.

మంగళవారం సున్నా. బుధవారం సున్నా. బుధవారం మధ్యాహ్నం సదాశివమూర్తి ఫోను చేశారు.

“వలీ, సున్నా అనేది గణన కాదు. గణన జరగలేదనడానికి అది నిదర్శనం.”

“సార్, నేను నిలబడితే వాలడం లేదు సార్.”

“అయితే చాటుగా ఉండి లెక్కించండి.”

చాటుగా ఉండటం గురించి స్థావరాన్ని అడిగారు. ఎర్ర పట్టీలో నక్కి ఉన్న వ్యక్తిపై కాల్పులు జరిపే అవకాశం ఉందని రాథోడ్ రాతపూర్వకంగా తెలిపారు. ఖాజావలి నిలబడే లెక్కించాలని గురువారం ఉత్తర్వు వచ్చింది.

రోజూ తొమ్మిదింటికి మద్దిలేటమ్మ నూరు మీటర్ల గీత అవతల రెండు జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి మూట విప్పేది. ఖాజావలి వచ్చి కూర్చునేవారు. చేతులు దించడానికి కాసేపు పట్టేది.

“నేను పీజీ చేసినా అక్కా. పోటీ పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకున్యా.”

“తెలుసు సారూ. దానికే గువ్వలు అంత భయపడతాండాయి.”

“నువ్వు గూడా ఎగతాళి చేస్తే ఎట్లక్కా?”

“ఎగతాళి కాదప్పా. నా బొమ్మ ఉన్నప్పుడు గూడా కొన్ని వాలేటివి. నీకు ఒగటీ వాల్లా. తిను, ఇంగోటి తిను.”

ఓబులేసు గట్టు దాటి వచ్చాడు. అతని చేనులో సగం కంకులు పోయాయి.

“వదినా, మీ సర్కారు బొమ్మను ఒక పూట మా చేన్లో నిలబెట్టు. నీ పుణ్యముంటాది.”

“నా పాసు ఎర్ర పట్టీకేనన్నా,” అన్నారు ఖాజావలి. “పసుపులో చెల్లదు.”

“పసుపులో నేను బొమ్మ పెట్టుకుంటే?”

“పెట్టుకోవచ్చు. నిన్నెవరు వద్దన్నారు?”

ఓబులేసు ఆలోచించాడు. “గడ్డి కట్టాల. కర్రలు తేవాల. నువ్వైతే తయారుగా ఉండావు గదా అని అడిగినా,” అని వెళ్లిపోయాడు.

పదిహేను రోజులు పూర్తయ్యాయి. పదిహేను సున్నాలు జిల్లా కేంద్రానికి చేరాయి. అక్కడ అనుకూల భూ వినియోగంపై ఫిబ్రవరి పదకొండున జిల్లా స్థాయి సమీక్ష ఉంది. పదో తేదీ సాయంత్రం ఖాజావలి ఫోనుకు సందేశం వచ్చింది. సున్నా పక్షుల నమూనాను ఎలా సాధించారో మరునాడు ఉదయం తొమ్మిదికి సభలో స్వయంగా వివరించాలి. రాకపోతే తీవ్రంగా పరిగణిస్తారు. ఆ ఉత్తర్వు ప్రతి సదాశివమూర్తి కార్యాలయానికి టపాలో బయలుదేరింది. పద్నాలుగో తేదీన చేరింది.

ఖాజావలి గీత దగ్గరికి వచ్చి సందేశం చదివి వినిపించారు.

మద్దిలేటమ్మ చేను వైపు చూసింది. కంకులు ఎర్రబారాయి. కోతకు కూలీలను పదమూడుకు మాట్లాడుకుంది. “రేపే గదా సారూ తనిఖీ?”

“రేపే. పొద్దున ఏడుకు గోపురం మీంచి చూస్తారు. మూర్తి సారుకు ఫోన్ చేస్తాండా, ఎత్తడం లేదు. నా బదులు ఇంగొకర్ని నిలబెట్టేకి లేదు. పాసు నా పేరు మీద ఉంది.”

“ఒక్క పూట ఎవురూ లేకుంటే నలభై కాదు, నాలుగునూర్లు వాల్తాయి.”

“తెలుసక్కా.”

మద్దిలేటమ్మ ఆయన కోటు అంచు పట్టుకుని చూసింది. తర్వాత ఆమె అడిగింది.

“కోటు ఎన్ని దినాలాయె ఉతికి?”

ఖాజావలి కోటు చూసుకున్నారు. “పదహైదు.”

“ఇయ్యి. ఉతికి ఆరేస్తా. టోపీ గూడా ఇయ్యి. రేపు రాత్రికి వచ్చి తీసుకపో.”

ఖాజావలి కోటు విప్పి ఇచ్చారు. కోటు ఉతికే మాట వరకు తర్వాత జరిగిన విచారణలో ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు. తేడా లేదు.

ఫిబ్రవరి పదకొండు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు సదాశివమూర్తి, రాథోడ్ కాపలా గోపురం ఎక్కారు. సదాశివమూర్తి దుర్భిణి అందుకున్నారు. చేను మధ్యలో నారింజ కోటు ఉంది. టోపీ ఉంది. చేతులు రెండూ శరీరానికి దూరంగా ఉన్నాయి. గాలికి జొన్నలు ఊగాయి. గణన అధికారి ఊగలేదు.

“పక్షులు?” అన్నారు సదాశివమూర్తి.

“లేవు సార్,” అన్నాడు సైనికుడు.

ఇద్దరూ నలభై నిమిషాలు చూశారు. ఓబులేసు చేను మీద నుంచి రెండుసార్లు గుంపు లేచింది. ఇటు రాలేదు.

“మొదట్లో ఆయన అప్పుడప్పుడు కాలు మార్చుకునేవారు,” అన్నారు రాథోడ్. “ఈ రోజు అది కూడా లేదు.”

“శిక్షణ, వింగ్ కమాండర్ గారూ. విధి నిర్వహణలో నిబద్ధత అన్నది క్రమేణా పెంపొందించవలసిన అంశం. ఇకపై ఇదే ప్రామాణికంగా ఉండగలదు.”

స్థావరం రిజిస్టరులో ‘గణన అధికారి హాజరు. కదలిక లేదు. పక్షులు సున్నా’ అని రాసి ముగ్గురూ సంతకాలు చేశారు.

అదే ఉదయం ఖాజావలి నూటపది కిలోమీటర్ల దూరాన జిల్లా సమీక్షా సభలో హాజరుపట్టీ మీద సంతకం చేశారు. పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ఎలా సాధించారని అడిగితే ‘నిలబడ్డాను సార్’ అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ప్రశంసా పత్రం ఇస్తూ ఫొటో తీశారు.

పదమూడున కోత మొదలైంది. కోత కూలీలు పదకొండు మందికి ఆ ఒక్క రోజుకు పాసులు వచ్చాయి. చేతులు దూరంగా ఉంచాలన్న షరతును కొడవళ్ల దృష్ట్యా సడలించారు. పద్దెనిమిదిన కళ్లంలో జొన్నలు పదకొండు బస్తాలు తేలాయి. మద్దిలేటమ్మ వాటిని ఇంట్లోకి చేర్చి తలుపు గొళ్లెం పెట్టింది.

పంతొమ్మిదిన జిల్లా నుంచి వచ్చిన ఫొటోను గుమాస్తా ఫైలులో పెట్టబోయి తేదీ చూశాడు. ఫిబ్రవరి పదకొండు. విచారణ వేశారు. విచారణాధికారి సదాశివమూర్తి.

మొదట మద్దిలేటమ్మను అడిగారు.

“పదకొండో తేదీన చేనులో ఏమున్నదమ్మా?”

“జొన్నలు సామీ.”

“మధ్యలో?”

“కోటు ఉతికినా. తెల్లారకముందే చీకట్లో ఆరేసినా.”

“దేని మీద?”

“కట్టె మీద. కట్టెకు అడ్డంగా ఇంగో కట్టె కట్టినా. లేకుంటే చేతులు ఆరవు గదా.”

“టోపీ?”

“అదీ ఉతికినా. కుండ మీద బోర్లిచ్చినా. కుండ గూడా ఆరాల గదా సామీ.”

సదాశివమూర్తి ఈ వాంగ్మూలాన్ని చాలాసేపు చదివారు. కోటు మాత్రమే ఉన్నదంటే, స్థావరం రిజిస్టరులో ఉన్నది తప్పు. రిజిస్టరు భద్రతా పత్రం. అది తప్పు కావడానికి నిబంధన లేదు. పైగా కింద తన సంతకం ఉంది. ఆమె బట్టలు ఉతకడం భూ వినియోగం కిందికి రాదని రాసి వాంగ్మూలాన్ని పక్కన పెట్టారు.

ఖాజావలికి మెమో ఇచ్చారు. ఫిబ్రవరి పదకొండు ఉదయం తాము ఎక్కడ ఉన్నదీ మూడు రోజుల్లో తెలపాలి. ఆయన మెమో తీసుకుని మద్దిలేటమ్మ ఇంటికి వెళ్లారు.

“సభలో ఉన్యానని రాస్తే మిలిట్రీ రిజిస్టరు తప్పన్నట్ల. నేను డ్యూటీలో లేనట్ల. ప్రొబేషన్ పోతాది. చేన్లో ఉన్యానని రాస్తే సభకు పోనట్ల.”

“పోకుంటే ఏం చేస్తారు?”

“మందలిస్తారు.”

“ఉద్యోగం తీస్తారా?”

“తీయరు.”

“అయితే చేన్లో ఉన్యానని రాయప్పా. పదహారు దినాల్లో పదహైదు నిజమే గదా. ఒగటికి ఏం మునుగుతాది?”

ఖాజావలి అలాగే రాశారు. మార్చి మూడున విచారణ నివేదిక వచ్చింది. పదకొండో తేదీన ఖాజావలి చేనులోనే ఉన్నట్లు రుజువైంది. సమీక్షా సభకు గైర్హాజరైనందుకు ఆయనను మందలించారు. సభలో మాట్లాడిన వ్యక్తి ఎవరన్నది కమిటీ పరిధిలోకి రాదన్నారు. ప్రశంసా పత్రాన్ని అనధికార వ్యక్తికి అందిన పత్రంగా పరిగణించి ఖాజావలి నుంచి వెనక్కి తీసుకున్నారు.

అదే నివేదిక రెండో భాగంలో, పదహారు రోజుల ఫలితాల దృష్ట్యా చేనులో గణనను తదుపరి ఉత్తర్వుల వరకు కొనసాగించాలని ఉంది. ఎవరు నిలబడాలన్నది రాయలేదు. స్థావరం రిజిస్టరు ప్రకారం అప్పటికే ఒకరు నిలబడి ఉన్నారు.

మార్చి పదిహేడున ఖాజావలికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెళ్లేముందు కోటు, టోపీ అప్పగించాలని అందులో ఉంది. ఆయన గీత దగ్గర నిలబడి చేను వైపు చూశారు. పంట కోసిన మొదళ్ల మధ్య కోటు కట్టె మీదే ఉంది. పాసు గడువు ముగిసినందున ఆయన లోపలికి వెళ్లి తెచ్చుకోవడానికి సైనికుడు ఒప్పుకోలేదు.

“విధుల్లో ఉన్న అధికారిని కలవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి,” అన్నాడు.

ఏప్రిల్ ఇరవై రెండు, మంగళవారం ఉదయం ఖాజావలి అరవై కిలోమీటర్ల అవతల మరో మండల కార్యాలయంలో హాజరుపట్టీ మీద సంతకం చేశారు. అదే రోజు ఆరు గంటల నలభై నిమిషాలకు పిచ్చుకలదిన్నె కాపలా గోపురం మీది కొత్త సైనికుడు చేనులో నిలబడి ఉన్న వ్యక్తిని చూసి, జాబితాలో పేరు సరిచూసుకుని, రిజిస్టరులో రాశాడు: ‘గణన అధికారి హాజరు. కదలిక లేదు. పక్షులు సున్నా.’